వదినా మరదళ్ళ సినిమా

ఒక సినిమా అర్థం కాలేదని చెప్పుకోవడం కూడా గొప్పేనని నేను నమ్మిన కాలం ఒకటుంది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. సోమందేపల్లెలో హైవే పక్కన, రైతుల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో ఫీల్డు ఉద్యోగం. ఉద్యోగమంటే ఊరూరా ప్రొజెక్టరు మోసుకెళ్ళి, తెల్లగుడ్డ కట్టి, వేరుశనగ విత్తనశుద్ధి గురించో డ్రిప్పు గురించో వీడియోలు వేసి, మైకు పట్టుకుని వివరించడం. వీడియోలో గొంతు తెలుగులోనే మాట్లాడేది. అయినా నేను మళ్ళీ చెప్పాలి. ("ఆ సారుది పేపరు తెలుగమ్మా, నువ్వు చెప్పు" అనేవాళ్ళు.) అలా రెండేళ్ళలో, గుడ్డ మీద ఏం కదిలినా దాని అర్థం నా నోట వింటే తప్ప నమ్మకూడదన్న అలవాటు మా రైతులకు గట్టిగా పడిపోయింది. నా కొంప ముంచింది ఆ అలవాటే.

మా ఆఫీసులో కంప్యూటరు దగ్గర కూర్చునే అమ్మాయిని అందరం గుంతకల్లు అని పిలిచేవాళ్ళం. అక్కడి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల. ఎక్కడ సంపాదించేదో తెలియదు గానీ, ఆమె పెన్‌డ్రైవ్ నిండా లోకంలోని సినిమాలుండేవి. వాటిలో ఎక్కువ క్వీర్ సినిమాలు. అంటే ఆడవాళ్ళు ఆడవాళ్ళనూ, మగవాళ్ళు మగవాళ్ళనూ ప్రేమించే కథలు. అవైనా మామూలుగా ఉంటాయా అంటే, ఒకదాంట్లో పాట ఉండదు, ఇంకొకదాంట్లో మాట ఉండదు, మరొకదాంట్లో అసలు మనుషులే ఉండరు. ఆమె నాకు మొదట చూపించినదాంట్లో ఒక కిటికీ పరదా పన్నెండు నిమిషాలు ఊగింది. వీడియో ఇరుక్కుపోయిందనుకుని నేను ల్యాప్‌టాప్‌ను రెండుసార్లు తట్టాను. "అది ఆగిపోలే. అదే సినిమా" అంది గుంతకల్లు. నేను వెంటనే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అర్థమైనట్టు తలూపాను.

ఆ పరదా తర్వాత ఒక ముఖం వచ్చింది. ఒకామె, నిద్రపోతున్న ఇంకొకామె వైపు చూస్తోంది. అంతే, చూస్తోంది. అలా చూడటం నాకు తెలుసు. పదో తరగతి నుంచి తెలుసు. కానీ అనంతపురం జిల్లా మొత్తం మీద ఆ జబ్బు నాకొక్కదానికే ఉందనుకుని, ఎవరికీ చెప్పకుండా దాచుకుంటూ వచ్చాను. ఎక్కడో నోరు తిరగని పేరున్న దేశంలో ఒకరు కెమెరా పెట్టి మరీ దాన్ని తీశారంటే అది జబ్బు కాదన్నమాట. ఆ మధ్యాహ్నం నేను టిఫిను డబ్బా తెరవడం కూడా మరిచిపోయాను.

ఇక చూసుకోండి. రోజూ భోజనాల వేళ ఇద్దరం గోడౌనులో విత్తనాల మూటల మీద కూర్చుని చర్చలు. "ఆ నిశ్శబ్దం ఉండాది చూడు, అదే డైలాగు" అనేది తను. "ఆ నీడ కూడా ఒక పాత్ర" అనేదాన్ని నేను, సంగటి ముద్ద ఊరుబిండి పచ్చడిలో అద్దుకుంటూ. (ఏ నీడ అని తను అడగలేదు, అడిగితే నా దగ్గర జవాబు లేదు.) మొదట్లో సినిమాల కోసమే ఆ మూట మీద కూర్చునేదాన్ని. నెల తిరక్కుండానే సినిమా ఏదైనా ఫరవాలేదు, పక్క మూట మీద తను ఉంటే చాలనే స్థితికి వచ్చాను. తనూ అంతేనని ఒకరోజు ఊరగాయ సీసా మూత తీయలేక అవస్థపడుతూ చెప్పింది. అంత ముఖ్యమైన మాట అలా చెప్పేసిందేమిటని నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇంట్లో మాత్రం హిందూపురం నుంచి నాకొక సంబంధం చూశారు. అబ్బాయి మంచివాడట. నెలాఖరున పిల్లను చూడటానికి వస్తున్నారు. అంతలోపల నాయనకు నిజం చెప్పాలి. రోజూ పొద్దున చెప్పాలనుకోవడం, సాయంత్రానికి "రేపు చూద్దాం" అనుకోవడం, అదే పని. వందమంది ముందు మైకు పట్టుకునేదాన్ని, నాయన ఒక్కడి ముందు నోరు పెగలలేదు.

గుంతకల్లు అదే సమయంలో ఒక ఫిల్మ్ క్లబ్బు పెట్టాలని పట్టుపట్టింది. పెనుకొండ కాలేజీ పిల్లలు నలుగురైదుగురు వస్తారు, ఆఫీసు హాల్లో ఆదివారం పొద్దున ఒక సినిమా వేసుకుని మాట్లాడుకుంటాం. అంతే. మా పెద్దసారును అనుమతి అడిగితే ఏం సినిమా అన్నాడు. క్వీర్ అనడానికి ధైర్యం చాలక, "ప్రయోగాత్మక చిత్రం సార్. చూసినాక చర్చ కూడా ఉంటాది" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. మా సంస్థలో ప్రయోగాత్మకం అంటే ఒకటే అర్థం: ప్రయోగాత్మక సాగు. కొత్త విత్తనం వేసి చూడటం, కందిలో అంతరపంట వేసి చూడటం. "ప్రయోగాలు చేయల్లమ్మా. చేయకపోతే ఈ నేలలో ఏం బతుకుతాం" అని మెచ్చుకుని, ఆ కబురును ఆరు ఊళ్ళ రైతుల ఫోన్ గ్రూపుల్లో పెట్టేసి, వీడియోలున్న బీరువాకు తాళం వేసుకుని బెంగళూరు పోయాడు.

ఆదివారం పది గంటలకు కాలేజీ పిల్లలు ముగ్గురొచ్చారు. వాళ్ళ వెనకే ఆటోలు. నలభై మంది దాకా రైతులు, తువ్వాళ్ళు దులుపుకుంటూ చాపల మీద కూర్చున్నారు. ఏడెనిమిది బోర్లు వేయించి ఒక్కదాంట్లోనూ చుక్క చూడని బోర్ల తాత ముందు వరుసలో. ఊళ్ళో వార్తలన్నీ ముందే తెలిసిన రేడియో అవ్వ ఆయన పక్కన. మూడో వరుసలో, ఉతికిన పంచె కట్టుకుని, కూతురు మైకులో మాట్లాడుతుంటే చూడాలని వచ్చిన మా నాయన.

బదులుగా విత్తనశుద్ధి వీడియో వేద్దామంటే బీరువా తాళంచెవి పెద్దసారుతో బెంగళూరులో ఉంది. "కరెంటు పోయిందని చెప్పేద్దాం" అన్నాను గుంతకల్లుతో. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. బొరుగుల మిక్చరు పొట్లాలున్న సంచి పట్టుకుని తను నింపాదిగా, "ఇంత దూరం వచ్చినారు. ఏద్దాంలే. సినిమానే గదా" అంది. కిటికీలకు గోనెపట్టలు కట్టి హాలు చీకటి చేశాం.

సినిమా ఇది. రాళ్ళగుట్ట మీద ఒక ఇల్లు. అందులో ఒకామె. ఇంకొకామె పెట్టె పట్టుకుని వస్తుంది. గుమ్మంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, చాలాసేపు. తర్వాత మొదటామె ఏదో అంటుంది. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి: నువ్వు లేనప్పుడు ఇది ఇల్లు కాదు, నా ప్రాణమా.

"ఏమంటాండాదమ్మా?" అన్నాడు బోర్ల తాత.

నలభై తలలు నావైపు తిరిగాయి. అందులో ఒక తల మా నాయనది. నేను మైకు నోటి దగ్గర పెట్టుకుని, నా జీవితంలోకెల్లా తెలివితక్కువ మాట అన్నాను. "రా వదినా, బాగుండావా అంటాండాది. వీళ్ళు వదినా మరదళ్ళు."

హాలు శాంతించింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అర నిమిషం కూడా కాలేదు.

"అయితే వాడు యాడుండాడు?" అంది రేడియో అవ్వ.

"ఎవరవ్వా?"

"వాడేమ్మా. ఈమెకు మొగుడు, ఆమెకు అన్న. వాడు లేకుండా వదినా మరదళ్ళు ఎట్లయితారు?"

అక్కచెల్లెళ్ళని ఉంటే పోయేది. స్నేహితురాళ్ళన్నా సరిపోయేది. అన్ని వరసలుండగా, మధ్యలో మగాడు ఉండి తీరాల్సిన వరసే నా నోటికొచ్చింది. "వస్తాడవ్వా. పట్నం పోయినాడు" అన్నాను.

ఇక సినిమా ఎవరూ చూడలేదు. అందరూ వాడికోసం చూశారు. తలుపు కిర్రుమంటే "వచ్చినాడు". కుక్క మొరిగితే "వాడే". దర్శకురాలు పాపం ఏదో లోతైన ఉద్దేశంతో ఖాళీ దారిని ఆరు నిమిషాలు చూపించింది. మా హాల్లో అది ఊపిరి బిగబట్టి చూడాల్సిన ఘట్టమైంది. ఇంతలో తెర మీద ఆ ఇద్దరూ బావి తవ్వడం మొదలుపెట్టారు. బోర్ల తాత లేచి నిలబడ్డాడు. "ఆడ తవ్వొద్దమ్మా, ఆ రాయి కింద నీళ్ళు పడవు" అన్నాడు తెరతోనే. తర్వాత నావైపు తిరిగి, "ఆడోళ్ళకు బాయి పని చెప్పి వాడు పట్నంలో ఏం చేస్తాండాడు? రానీ, నేనడుగుతా" అన్నాడు. వెనక నుంచి ఇంకొకాయన, "తాగుడుంటాదిలే" అని తేల్చేశాడు. లేని మనిషికి ముప్పావుగంటలో అన్ని దుర్గుణాలూ వచ్చేశాయి. కాలేజీ పిల్లలు ముగ్గురూ ఇంగ్లీషు చదువుకుంటూ, నేను చెప్పేది వింటూ, నోటికి రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు.

ఒకామె ఇంకొకామెకు తలంటింది. చాలాసేపు. మెల్లగా, నీళ్ళు వృథా కాకుండా. హాల్లో గుసగుసలు తగ్గాయి. తర్వాత తడితల తుడుస్తూ ఆమె మెడ మీద ముద్దు పెట్టుకుంది. గుసగుసలు పూర్తిగా ఆగిపోయాయి. ఇద్దరు మగవాళ్ళు లేచి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయారు. తెర మీద ఆమె ఏదో అంది, కింద అక్షరాలు పడ్డాయి. నేను చదివాను. మైకు దించేశాను.

"పాపా," అన్నాడు మూడో వరుస నుంచి నాయన. "ఏం చెప్తాండాది ఆయమ్మి?"

ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగాడు, అంతే. గోడ దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డ గుంతకల్లు వైపు చూశాను. తను తల ఊపలేదు, వద్దనీ అనలేదు. మైకును రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ పైకెత్తాను.

"నేను ఎవరికోసమూ ఎదురుచూడటం లేదు అంటాండాది నాయనా. నువ్వుండావు, నాకది చాలు అంటాండాది."

"అయితే వాడు రాడా?" అంది అవ్వ.

"రాడవ్వా. వాడు లేనే లేడు. నేనే అబద్ధం చెప్పినా. వాళ్ళు వదినా మరదళ్ళు కాదు. ఇద్దరే కాపురం చేస్తాండారు, ఆలుమగల మాదిరి."

బయట లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ముందే చెప్పల్ల గదమ్మా," అంది రేడియో అవ్వ. "ఊరికే వాన్ని తిట్టుకుంటి."

మొదట నవ్వింది ఎవరో తెలియదు. తర్వాత హాలంతా నవ్వింది. నవ్వనివాళ్ళు కూడా ఉన్నారు. ఒకాయన ఇదేం రోతని అన్నాడు, ఆయనకు ఇంకొకాయన, మిక్చరు తిని కూచో అన్నాడు. సినిమా అయిపోయాక మేం కలలుగన్న చర్చ నిజంగానే జరిగింది, గంటసేపు. బావిలో నీళ్ళు పడ్డాయో లేదో చూపించకుండా ముగించినందుకు బోర్ల తాత దర్శకురాలిని క్షమించలేదు. అవ్వ ఉన్నట్టుండి తన పుట్టినూరి సంగతి ఎత్తుకుంది. "మా ఊర్లో ఇద్దరాడోళ్ళు ఒకే ఇంట్లో ఉండిరి. అక్కచెల్లెళ్ళనిరి అందురూ. ముఖాలు రవ్వంత గూడా కలిసేవి కావు. ఒకామె పోతే రెండో ఆమె వారం దినాలు అన్నం ముట్టలే. అక్క పోతే ఎవురన్నా అంత చేస్తారా అని అప్పుడే అనుకుంటి నేను." గోడౌనులో మూటల మీద మేం నెలలు చర్చించి తేల్చనిదాన్ని ఆమె బొరుగులు నములుతూ తేల్చేసింది.

తిరిగి పోయేటప్పుడు నాయన నన్ను మోపెడ్ వెనక కూర్చోబెట్టుకున్నాడు. పెనుకొండ గుట్టలు కనబడేచోట బండి పక్కకు ఆపాడు. దిగలేదు, వెనక్కి తిరగలేదు.

"మైకులో వదినా మరదళ్ళని చెప్తివే, అప్పుడు నీ గొంతు మారింది. చిన్నప్పుడు పలక పగలగొట్టి గాలికి పడిందని చెప్పినప్పుడు గూడా అట్లే మారింది."

ఆయనే మళ్ళీ అడిగాడు.

"హిందూపురమోళ్ళను రావద్దని చెప్పల్లనా?"

"చెప్పు నాయనా."

నాకు ఆయన వీపు మాత్రమే కనబడుతోంది. చొక్కా మీద చెమట మరక కొంచెం కొంచెంగా పెద్దదవుతోంది.

"సంచి పట్టుకోని నిలబడిండె, ఆ పాపనా?"

"ఊఁ."

"నాకేం అర్థం కాలేదు పాపా. అర్థమయిందని చెప్పను." బండి స్టార్టు చేశాడు. "మీయమ్మకు మాత్రం నేను చెప్పను. నువ్వే చెప్పుకోవల్ల. నేను పక్కన కూచుంటా."

ఇంటికి చేరేసరికి అమ్మ వంటింట్లో చేటలో కందిపప్పు చెరుగుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. అన్నమాట ప్రకారం నాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత సంగతులు మీరు ఊహించుకోగలరు. అమ్మ ఏడ్చింది, పది రోజులు నాతో మాట్లాడలేదు, పదకొండో రోజు ఆ గుంతకల్లు పిల్లకు తల్లీతండ్రీ ఉన్నారా అని నాయనను అడిగింది. ఇప్పుడు మేమిద్దరం అనంతపురంలో ఒకే ఇంట్లో ఉంటాం. నెలకొకసారి సినిమా వేస్తాం, కబురులో క్వీర్ సినిమా అనే రాస్తాం. అప్పట్లో నేను చూసిన సినిమాలు సగం పైగా నాకిప్పటికీ అర్థం కాలేదు, ఆ మాట ఇప్పుడు మామూలుగానే చెబుతాను.

అవన్నీ తర్వాత. ఆ రోజు వంటింట్లో మాత్రం, నలభై మంది ముందు మైకులో నిజం చెప్పి వచ్చిన ఆ వీరనారి, అమ్మ తలెత్తి చూడగానే నీరుగారిపోయింది. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ జాలీ, నవ్వూ కలిసి వస్తాయి. "అది కాదమ్మా, ఇప్పుడే పెళ్ళెందుకని, ఉద్యోగంలో కొంచెం కుదురుకున్యాక..." అని నసగడం మొదలుపెట్టాను. నాయన చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టాడు.

"సరిగ్గా చెప్పు పాపా," అన్నాడు. "లేకుంటే మీయమ్మ గూడా వాడు వస్తాడని చూస్తా కూచుంటాది."