నేను కత్తిరించిన కాలువ

ఒక్క సీటుకు నేనూ నా చిన్ననాటి స్నేహితురాలూ ఇద్దరం దరఖాస్తు పెట్టాం. కాలేజీ డిబేట్ జట్టులో నేను మొదటి వక్తను, ఆమె రెండో వక్త. మూడేళ్ళ పాటు మా పేర్లను ఎవరూ విడదీసి పిలిచింది లేదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో ఆరు నెలలు ఉండి, కాలువల వెంబడి నిలిచిన పాత కట్టడాలను ఫొటోలు తీయడం నేర్చుకునే అవకాశం అది. ఇంటర్వ్యూలో ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగారు: అక్కడ ఏం చూడాలనుకుంటున్నారు? డచ్చివారు మన తీరాల్లో చేసిన వర్తకం గురించి, ఆ కట్టడాల వెనుక ఉన్న సంపద ఎవరిదన్న ప్రశ్న గురించి నేను మూడు అంచెల్లో వాదన కట్టి చెప్పాను. ఆమె మాత్రం, "మా ఊరి మధ్యనుంచి రైళ్ళు పోతాయండి. ఊరి మధ్యనుంచి నీళ్ళు పోతే మనుషులు ఎలా బతుకుతారో చూడాలనుంది," అంది. సీటు ఆమెకు వచ్చింది.

నా వాదన సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. ఈ రాతలో నేను నిజాయితీగా ఒప్పుకోవలసిన వాటిలో అదొకటి.

ఫలితం చెప్పినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. నాలో కదిలినదానికి ఆ రోజు అసూయ అని పేరు పెట్టలేదు. ఏ పక్షాన నిలబెట్టినా ఆ పక్షానికి వాదన దొరుకుతుందన్నది డిబేట్ నేర్పే మొదటి పాఠం. నేను న్యాయం పక్షాన నిలబడ్డాననుకుని, ఎంపిక విధానంలో లోపాలు వెతికాను. దొరికాయి. వెతకాలని కూర్చుంటే దొరకనిదేముంది?

ఆమెది గోల్‌బజార్‌లో బట్టల కొట్టు పెట్టుకున్న కుటుంబం. మాది మూడు తరాలుగా రైల్వే వర్క్‌షాపు కుటుంబం. తాత శ్రీకాకుళం వైపునుంచి బెంగాల్‌లోని ఈ రైల్వే ఊరికి వచ్చి పనిలో చేరాడు, నాన్న ఫిట్టరుగా రిటైరయ్యాడు. న్యూ సెటిల్‌మెంట్‌లో మేముండే ఇంట్లో క్యాలెండరు వెంట్రుకవాసి వంకరగా ఉన్నా నాన్నకు అన్నం దిగదు. నిలబెట్టినదేదైనా నిఠారుగా నిలబడాలన్నది మా ఇంటి శాసనం. చిన్నప్పుడు ఒకసారి గోడకు పుస్తకాల బల్ల బిగిస్తూ, పారదర్శకమైన సన్నని గొట్టంలో నీళ్ళు పోసి, ఒక కొస నా చేతికి, మరో కొస ఆమె చేతికి ఇచ్చి, రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తున నిలిచినచోట గోడకు గీతలు పెట్టాడు. "కన్ను మోసం సేస్తాది. మనిసీ సేస్తాడు. నీరు మాత్రం సెయ్యదు. అనుమానమొస్తే నీటినడగండి," అన్నాడు. గొట్టం పట్టుకోలేక నేను విసుక్కున్నాను. ఆమె గొట్టంలోకే చూస్తూ ఉండిపోయింది.

డెల్ఫ్ట్‌నుంచి రోజూ మధ్యాహ్నానికి ఫొటోలు వచ్చేవి. కాలువ మలుపులో రెండు సన్నటి శిఖరాలతో నిలిచిన ఇటుకల నగరద్వారం. ఒకప్పుడు సరుకు తూచిన కాటా ఇల్లు. నీటి పెత్తనం చూసిన అధికారుల పాత భవనం, దాని ముఖం నిండా డాలు ఆకారంలో రంగురంగుల వంశచిహ్నాలు. నీటిలో తలకిందులుగా వేలాడే వంతెనలు. ఒక వంతెన మీదనుంచి ఒకే సైకిలు వెళ్ళాలని మూడు పొద్దులు కాపు కాసిందట. ప్రతి ఫొటో కిందా "ఏటే, సూసినావా?" అని ఒక ప్రశ్న, దాని వెనక ఒక ఆడియో సందేశం.

నేను ప్రతిదానికీ "బాగుంది" అని ఒక్క మాట పంపేదాన్ని. రెండో మాట పెట్టకపోవడంలో ఒక తృప్తి ఉండేది. ఆడియో సందేశాలు వినడం మాత్రం రెండో నెలలోనే మానేశాను. చలికి వణుకుతూ నవ్వే ఆ గొంతు నాకు భరించశక్యం కాలేదు. ఫొటోకైతే ముఖం పెట్టి చూస్తే చాలు, గొంతుకు లోపల చోటివ్వాలి. వినని సందేశాలు పక్కన నీలిచుక్కతో అలాగే పేరుకున్నాయి.

ఒకరోజు వాన వెలిశాక ఫోను పట్టుకుని తాల్‌బగీచా వైపు వెళ్ళాను. రోడ్డు పక్క కాలువ నిండి, అందులో ఒక పసుపురంగు ఇల్లు ప్రతిబింబిస్తోంది. వంగి ఫొటో తీస్తుంటే వెనకనుంచి టోటో అనే బ్యాటరీ రిక్షా నడిపేవాడు, "క్యా గిరా, దీదీ?" అని బండి ఆపాడు. ఏమీ పడిపోలేదని చెప్పినా నమ్మక, దిగి నాతో పాటు మురుగునీటిలోకి తొంగిచూశాడు. ఆ ఫొటోను ఆమెకు పంపలేదు.

ఇంతలో ఆమె భవిష్యత్తు నా చేతికి వచ్చింది. కోల్‌కతాలో పాత భవనాల ఫొటోలు తీసే ఒక చిన్న బృందం, తిరిగి రాగానే తమతో పనిచేయమని ఆమెను అడిగింది. వాళ్ళ నాన్నను నేను మావయ్య అంటాను. కూతురు కొట్టులోనే కూర్చోవాలని ఆయన అనుకున్నాడు. తండ్రీకూతుళ్ళ మధ్య ఫోన్లో వారం రోజులు వాదన నడిచాక, ఆయన ఒక షరతు పెట్టాడు. అది చెప్పడానికి నన్నే కొట్టుకు పిలిపించాడు.

"ఫొటోలో ఏటుంటాదో నాకు తెల్దమ్మా. మన లైబ్రరీలో పెద్దల ముందు పెట్టండి. నేనూ వస్తాను. పనికొచ్చే పనని నా కంటికి తోస్తే కలకత్తా పంపుతాను. లేదంటే గల్లా ముందు కూకోడమే. ఠీక్ హై?"

"ఠీక్ హై మావయ్యా," అన్నాను.

మా తెలుగు గ్రంథాలయం వార్షికోత్సవానికి ఇరవై ఫొటోలు పెట్టడానికి కార్యదర్శి గారు ఒప్పుకున్నారు. ఎంపిక, ముద్రణ, వివరణలు నా బాధ్యత. ఆమె తిరిగి వచ్చేది ఉత్సవం అయిన రెండు రోజులకు. "నువ్వేది ఉంచితే అదే," అని రాసింది. అంత నమ్మకం కూడా నాకు ఆమె ఆధిక్యంలాగే కనిపించింది.

బజారులోని స్టూడియోలో, దాని యజమాని అయిన బెంగాలీ దాదా పక్కన కూర్చుని, పెద్ద తెర మీద ఫొటోలు చూడడం మొదలుపెట్టాను. కాలువ ఒడ్డున పాత చర్చి గోపురం ఉన్నవి అయిదు. అయిదింటిలోనూ గోపురం ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషాన్ని దాచను. ఆరు నెలల శిక్షణ పొంది కెమెరా నిఠారుగా పట్టడం రాలేదు! నాన్న నీడలో పెరిగిన నా కంటికి అది ఒక్క చూపులో పట్టుబడింది. ఎంపిక చేసినవారిని అక్కడికి పిలిచి చూపించాలనిపించింది.

"దాదా, గోపురం సీదా చేయండి," అన్నాను.

ఆయన ఫొటోను కొద్దిగా తిప్పాడు. గోపురం నిలువునా నిలిచింది. ఆయన వేలు తెర కిందికి జారింది. "దీదీ, జల్ తో బేకా హోయె గెలో."

నీరు వంకరైపోయిందంటున్నాడు. నిజమే. అవతలి గట్టు గోడను తాకే నీటిగీత ఎడమవైపు పైకి లేచింది. అనుమానమొస్తే అడగమని నాన్న చెప్పిన సాక్షి నా ఎదుటే ఉంది. నేను అడగలేదు.

"అయితే నీళ్ళు కోసేయండి."

"కాలువ ఫొటోలో నీళ్ళు కోసేస్తే ఏం మిగుల్తుంది?" అన్నాడు ఆయన హిందీలో.

చూసేవారి దృష్టి కట్టడం మీద నిలవాలని, నీరు దాన్ని చెదరగొడుతుందని, మంచి చిత్రానికి త్యాగం అవసరమని వాదించాను. దాదా కాలేజీలో డిబేట్ చేసినవాడు కాదు, రెండు నిమిషాల్లో ఓడిపోయాడు. అయిదు ఫొటోలూ తిప్పి, అడుగుభాగం కత్తిరించాం. మిగతా పదిహేనింటికి కూడా నీరు ఎక్కువగా ఉన్నవి పక్కన పెట్టి, గోడలూ తలుపులూ ఉన్నవే ఎంచాను. తెలియక చేశానని చెప్పుకునే హక్కు నాకు లేదు. ఆ గోపురం గురించి ఒక్క నిమిషం చదివినా తెలిసేది. పుస్తకం లేకుండా పక్కమీదికి కూడా వెళ్ళని నేను, ఆ ఒక్క నిమిషం మాత్రం చదవలేదు.

ఆదివారం ఉదయం గ్రంథాలయం హాలు నిండింది. గుమ్మం మీద "కాలువ ఒడ్డున ఒక ఊరు" అని నేనే రాసిన అక్షరాలు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఒక్కో ఫొటో ముందూ తాను నేతను చూసేటంత దగ్గరగా వంగి చూశాడు. పన్నెండో ఫొటో దగ్గర నావైపు తిరిగాడు.

"కాలవ ఒడ్డు అని రాసినారు. కాలవేదమ్మా?"

వెంటనే ఆయనే అన్నాడు, "గుడ్డ సాలక కోత తప్పినట్టున్నాయి అన్నీ. మేడలకి కాళ్ళు లేవు. ఆర్నెల్లు దీనికేనా ఎల్లింది?" గొంతులో కోపం లేదు. తీర్పు సిద్ధమైన నెమ్మది ఉంది. "పోన్లే. కొట్టు ఉంది కదా."

నేను కోరుకున్నది సరిగ్గా అదేనని అప్పుడు అర్థమైంది. నాకు దక్కనిది ఆమెకు పనికిరాకుండా పోవాలి. ఇంత స్పష్టంగా దాన్ని నేనెప్పుడూ ప్రతిపాదించుకోలేదు.

నాన్న చేతులు వెనక్కి కట్టుకుని హాలు ఆ చివర నిలబడ్డాడు. చర్చి గోపురం ఉన్న ఫొటోల్లో ఒకదానికి దాదా అడుగున వేలెడు నీరు వదిలేశాడు. మరిచిపోయాడో, మనసొప్పలేదో నేనడగలేదు. నాన్న జేబులోంచి ఆహ్వానపత్రిక తీసి, వర్క్‌షాపులో మూలమట్టం ఆనించినట్టుగా దాని మూలను ఫొటోకు ఆనించాడు. ఒక అంచు గోపురంతో కలిసింది. రెండో అంచుకూ నీటికీ మధ్య సందు తేలింది.

"బావా, ఇటు రా," అని మావయ్యను పిలిచాడు. "గోపురం నిఠారుగుంది. నీరు ఏటవాలుగుంది. నీరెక్కడైనా ఒంగుతాదేటి?"

"హాలండులో ఒంగుతాదేమో బావా, మనమెల్లి సూసినామా?" అన్నాడు మావయ్య. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

నాన్న నవ్వలేదు. "ఈ ఫొటోని ఎవడో తిప్పినాడు. పిల్ల సరిగ్గానే తీసుంటాది."

"ఇంకెవడు, ఆ స్టూడియో దాదాయే," అన్నారు కార్యదర్శి గారు. "ఈసారినుంచి పని వేరేచోట ఇద్దాం."

నేను కార్యదర్శి గారి ఎదుటికి వెళ్ళాను. "దాదా వద్దన్నాడు. తిప్పించింది నేను. నీళ్ళు కోయించిందీ నేనే."

ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకపోవడం నాకు ఎక్కువ శిక్ష అయింది. నాన్న పత్రికను మడిచి జేబులో పెట్టుకుని, "అసలువి ఉన్నాయా?" అన్నాడు.

ఫోను తీశాను. ఆ గోపురం ఫొటో కోసం నెలల వెనక్కి వెళ్ళాను. దాని కింద నీలిచుక్కతో, నేను వినని ఆమె గొంతు ఉంది. వెనక్కి తగ్గడానికి దారి లేదు. నొక్కాను. హాలంతా వినిపించింది.

"ఏటే, సూసినావా? ఈ గోపురం నిజంగానే ఒరిగిపోయిందే! పాత కాలవని పూడ్చి దాని మీద కట్టినారంట. కడుతుండగానే ఒరిగిందంట. నేను ముందు కెమెరా తప్పనుకున్నాను. అప్పుడు మీ నాన్న గొట్టం గుర్తొచ్చింది. నీటిగీత సూసి కెమెరా సరిపెట్టినాను. గోపురాన్ని నమ్మలేదు, నీటినే నమ్మినాను. మీ నాన్నకి సూపించవే. సూసినాడంటే రసమట్టం పట్టుకుని బయల్దేరిపోతాడు, గోపురం సరిసెయ్యడానికి!"

అందరూ పగలబడి నవ్వారు. నాన్న ముఖం వెలిగింది. ఇరవై రెండేళ్ళలో, నేను తెచ్చిన ఏ బహుమతికీ ఆ ముఖంలో ఆ వెలుగు చూడలేదు. చేసిన తప్పు బయటపడ్డ ఆ నిమిషంలో కూడా, సిగ్గు కంటే ముందు నాకు కలిగింది అసూయే.

మావయ్య నా చేతిలోంచి ఫోను తీసుకుని అసలు ఫొటోను చాలాసేపు చూశాడు. గోపురం ఒక పక్కకు, నీరు తాను ఉండవలసినట్టు. వేలితో జరిపి మిగతావీ చూశాడు: ద్వారం, కాటా ఇల్లు, ఒక్క సైకిలు ఉన్న వంతెన. "ఒక్క సైకిలు కోసం మూడు పొద్దులు నిలబడిందా ఇది?" అని అడిగాడు.

"నిలబడింది మావయ్యా."

"కొట్టులో మూడు గంటలు కూకోదు," అన్నాడు. తరవాత ఫోను తిరిగి ఇస్తూ, "పోనీ, ఎల్లనీ కలకత్తా," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే స్టూడియోకు వెళ్ళి దాదాకు క్షమాపణ చెప్పాను. ఆయన ఫొటోలన్నీ కొత్తగా ముద్రించి ఇచ్చాడు, ఈసారి నీళ్ళతో సహా.

రెండు రోజులకు ఆమె వచ్చింది. కత్తిరించిన అయిదింటినీ ఆమె ముందు పెట్టి, జరిగింది చెప్పాను. "ఎందుకే?" అంది. రాత్రంతా సిద్ధం చేసుకున్న జవాబులో మూడు అంచెలున్నాయి. వాటిని వదిలేసి, "అసూయ," అన్నాను.

ఆమె అయిదు ఫొటోలనూ ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూసింది. కోపం వచ్చిందని చెవుల ఎరుపును బట్టి తెలిసింది. "మూడు నిమిషాలు ఇస్తే నాలుగు తీసుకునేదానివి. ఒక్క మాటలో ముగించినావేటే!" అంది. నా ఫోను తీసుకుని, మిగిలిన నీలిచుక్కలన్నీ చూసి, ఫోను నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. వారం తరవాత కోల్‌కతా రైలెక్కేటప్పుడు స్టేషనుకు రమ్మని కబురు పంపింది. వెళ్ళాను. కెమెరా సంచి నా భుజానికి తగిలించి, రైలు పెట్టెలో చోటు చూసుకోవడానికి ఎక్కింది. ఆ కొద్ది నిమిషాలూ దాని బరువు నాకు నచ్చింది.

కత్తిరించిన వాటిలో వేలెడు నీరున్న ఫొటోను నాన్న అడిగి తీసుకున్నాడు. చట్రం కట్టించి, మా ముందుగదిలో క్యాలెండరు పక్కన వేలాడదీశాడు. పాత వర్క్‌షాపు స్నేహితులు వచ్చినప్పుడల్లా దాని ముందు నిలబెట్టి, "ఇందులో తప్పేటో సెప్పండి," అంటాడు. వాళ్ళు గోపురాన్ని చూస్తారు, తలుపులు చూస్తారు, ఇటుకలు లెక్కపెడతారు. నేను టీ పెట్టడానికి లేచి వంటింట్లోకి వెళతాను. ఎవరో ఒకరి చూపు ఫొటోలోని నీటి దగ్గరకు వచ్చేవరకూ ఆ టీ మరగదు.