అవ్వకు నేను కట్టిన మాత్ర

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నన్ను ఎరగని మీకు చెప్పుకోవడమే తేలిక.

అవ్వ మా నాయన తల్లి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. గద్వాలలో మా మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. చెయ్యి ఆడినంతసేపూ నోరూ ఆడేది. నన్ను నాలుగు మాటలు అని ఉడికించకపోతే ఆమెకు పొద్దు పోదు. పొద్దున లేవగానే మాత్రం మాట పెగిలేది కాదు. మోకాళ్లు పట్టేసి గోడ పట్టుకుని లేచేది. మినపగింజంత నల్లమందు చేతిలో పెడితే నాలుక కింద వేసుకుని కళ్లు మూసుకునేది. కాసేపటికి రాట్నం తిరిగేది. సర్కారు వేలంపాటకిచ్చిన నల్లమందు దుకాణం బజారులోనే ఉండేది, అప్పట్లో అక్కడ కొనడం తప్పేమీ కాదు. తెచ్చేది నేనే.

నాకు పెళ్లీడు వచ్చేసరికి పత్రికలు చదివే స్నేహితులు దొరికారు. నల్లమందుకు మగ్గం అమ్ముకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. తల్లులు మగ్గం మీద కూర్చునే ముందు, పిల్లలు ఏడవకుండా దాన్నే పాలలో రంగరించి పట్టేవాళ్లు. అలా పడుకున్న ఒక పసికందు మళ్లీ లేవలేదు. ఆ తల్లి ఏడుపు నేను విన్నాను. మా కోపం అబద్ధం కాదు. వీధివాళ్లెవరూ ఆ దుకాణం మెట్లెక్కకూడదని కట్టుబాటు పెట్టించాలనుకున్నాం.

మరి మా ఇంట్లో అవ్వ ఉందే! నలుగురూ అడిగితే ఏం చెప్పను?

నల్లబెల్లం కరిగించి, వేపాకు పసరు కలిపి మాత్రలు కట్టాను. నల్లమందని చెప్పి ఇచ్చాను. అలవాటైన మందు ఆగిపోయేసరికి అవ్వకు చెమటలు, వణుకు, విరేచనాలు. జ్వరమని ఇంట్లో అందరినీ నమ్మించాను. కొన్నాళ్లకు అవన్నీ తగ్గాయి. మోకాళ్ల నొప్పి తగ్గలేదు.

చావడిలో పెద్దలు కూర్చున్న రోజు, మూలికలు అమ్మే రజాక్ సాబు ఒక్కడే అడ్డం చెప్పాడు. "దుకాణం మూస్తే నొప్పి మూతపడ్తదా బేటా? దొంగచాటుగ అమ్మెటోడు రాడా?"

"మా అవ్వే ఇడిసిపెట్టింది. గంత ముసలామెతోని అయింది, మీతోని కాదా?" అనేశాను.

అవ్వను పిలిపించారు. కర్ర పట్టుకుని వచ్చింది. నా ముఖం చూసింది. "అవు, ఇడిసిపెట్టిన," అంది. కట్టుబాటు అయిపోయింది. అందరూ నా వీపు తట్టారు. నిజం చెప్తున్నాను, నాకు గర్వంగానే ఉంది.

ఇంటికొచ్చి ఆమె మోకాళ్లకు ఆముదం రాస్తుంటే అవ్వ నవ్వింది.

"బెల్లం జర తక్కువెయ్యి బిడ్డా. చీమలు పడ్తున్నయ్."

"తెల్సి గూడ ఎందుకు తిన్నవ్ అవ్వా?"

"నువ్వు కట్టినవ్ గద." తర్వాత మెల్లగా, "నొప్పి మస్తున్నది బిడ్డా. జర అసలుది తెస్తవా?" అంది.

"చూస్త అవ్వా," అన్నాను.

దుకాణం దాకా వెళ్లాను. ఎదురుగా తెలిసినవాళ్లు కనిపించారు. వెనక్కి వచ్చాను. ఆమె మళ్లీ అడగలేదు. అడిగితే నేను ఇబ్బంది పడతానని ఊరుకుందా? నా మీద ఆశ వదిలేసుకుందా? చివరిదాకా ఆ బెల్లం మాత్రే, నేను పెడితేనే, నాలుక కింద వేసుకుని కళ్లు మూసుకునేది. రాట్నం మాత్రం మళ్లీ ముట్టలేదు. అప్పుడప్పుడు నా తల నిమిరేది. ఆ చెయ్యి కొట్టినా బాగుండేది.

కట్టుబాటు వల్ల బతికిన పసిపిల్లలు ఉన్నారు. దొంగచాటు సరుకు కొని, కల్తీ తిని చెడిపోయినవాళ్లూ ఉన్నారు. దుకాణం ఉండాలా, పోవాలా అని మీరు అడిగితే నాకు ఇప్పటికీ తెలియదు. రజాక్ సాబుకు ఏం చెప్పాలో కూడా తెలియలేదు; ఆయన పోయాడు. ఒకటి మాత్రం తెలుసు. నా మాట నిలబెట్టుకోవడానికి, నన్ను పెంచిన మనిషిని నొప్పితో ఉంచాను.

మా అవ్వ నల్లమందు మానలేదు. నేనే ఆమెకు లేకుండా చేశాను. ఆ రోజు చావడిలో చెప్పవలసిన మాట ఇది. ఇన్నాళ్లకు మీతో అన్నాను.