నాన్నను చెరిపేసిన డస్టర్

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, అమెరికాలో, షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో మా హైస్కూల్ మొత్తానికి తెలుగుపిల్లను నేనొక్కదాన్నే. ఒకరింటికి నన్ను పంపేవారు కాదు గనుక, మా ఇంట్లో ఉన్నట్టే అందరిళ్లలోనూ ఉంటుందనుకునేదాన్ని. ఆ భ్రమ పోగొట్టింది మా బయాలజీ టీచర్, గొలుసావిడ (కళ్లజోడు మెడలో గొలుసుకు వేలాడేది). ఆవిడ మీద కోపం నాకింకా చల్లారలేదు.

పెద్దల గుణాలు పిల్లలకెలా వస్తాయో చెబుతూ, ఒక్కొక్కరినీ బోర్డు మీద తమ వంశవృక్షం గీయమంది. నేను మా ఇంటి బుగ్గసొట్టలు ఎంచుకున్నాను. పైన నాన్నమ్మ, ఆవిడ పిల్లలుగా అమ్మమ్మ, నాన్న, అమ్మమ్మ కింద అమ్మ. అమ్మనూ నాన్ననూ ఒక గీతతో కలిపాను. (నాన్న చేసుకున్నది సొంత అక్క కూతురిని. ఇందులో వింతేముంది?)

"హనీ, గీత తప్పు పడింది. మీ అమ్మమ్మ మీ నాన్నకు అక్క ఎలా అవుతుంది?"

"అక్కే కదా మిస్! అందుకే అమ్మనిచ్చింది."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆవిడ డస్టర్‌తో మా నాన్నను చెరిపేసి, బోర్డు ఆ చివర ఎవరో పరాయివాడిలా గీసి, నాకు 'సి' గ్రేడు ఇచ్చింది.

అప్పుడు మా ఇంట్లోనే ఉన్న అమ్మమ్మ నిర్ఘాంతపోయింది. "మేనరికం తెలీదుటే ఆవిడకి? పాపం! నన్ను తీసుకెళ్లు, చెబుతాను" అంది.

పేరెంట్స్ మీటింగ్‌కి తీసుకెళ్లాం. "మై మదర్-ఇన్-లా. ఆల్సో, మై సిస్టర్" అన్నాడు నాన్న గర్వంగా. గొలుసావిడ కళ్లజోడు పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది: ఒకే పూర్వీకుల నుంచి ఒకే లోపం భార్యాభర్తలిద్దరిలోనూ దాగి ఉండవచ్చు, అది రెండు వైపుల నుంచీ బిడ్డకు వస్తే జబ్బుగా బయటపడవచ్చు. ఈసారి నిర్ఘాంతపోవడం మా వంతు. నాన్న నన్ను మొదటిసారి చూస్తున్నట్టు ఎగాదిగా చూశాడు.

"ఏమంటోందిరా?" అంది అమ్మమ్మ.

"ఏం లేదక్కా, సొట్టల గురించి."

"రెండు బుగ్గలకీ పడ్డాయిగా, ఇంకేం కావాలిట?"

అంతకన్నా ఘోరం తర్వాతి వారం తెలిసింది. దగ్గరి బంధువుల పెళ్లికి రెండు గీతలు గీయాలని మా పాఠ్యపుస్తకంలోనే ఉంది! అంటే అలాంటి పెళ్లి ఉందనేగా? పుస్తకం పట్టుకుని ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. "గ్రేడ్స్ పంపేశాను, హనీ" అంది.

చాలా ఏళ్లకు, నేను కడుపుతో ఉన్నప్పుడు, మీ కుటుంబంలో దగ్గరి సంబంధాలున్నాయా అని డాక్టరమ్మ అడిగింది. ఆవిడ పెన్ను లాక్కుని, ఆవిడ కాగితం మీదే మా వంశవృక్షం గీసి, ఆనాటి బోర్డు చివర నుంచి నాన్నను తీసుకొచ్చి అమ్మ పక్కన పెట్టి, మధ్య రెండు గీతలు గీశాను.

"పర్‌ఫెక్ట్" అంది.

ఇంకోసారి అనమన్నాను. ఎక్కడో వెనక బెంచీలో ఇంకా మూతి ముడుచుకుని కూర్చున్న ఆ మొండిపిల్లకు వినపడాలి కదా!