చేతినిండా కార్డులు

అమీర్‌పేటలో గోడగోడకూ సాఫ్ట్‌వేర్ కోర్సుల పోస్టర్లు అంటించి ఉన్న ఆ రోజుల్లో, ఓ హాస్టల్ కింద భిక్షపతి టైలర్ షాపు ఉండేది. సిరిసిల్ల మనిషి, పనిమంతుడే. కాని నాలుగుసార్లు కొలిస్తే గాని గుడ్డకు కత్తెర పెట్టేవాడు కాదు. ఎప్పుడో ఒక పెళ్లికొడుకు ప్యాంటును రెండంగుళాలు పొట్టి చేసి, పందిట్లో అందరి ముందూ తిట్లు తిన్నాడు. అప్పటినుంచి సుద్దతో గీయడం, చెరపడం, మళ్లీ గీయడం.

"నీ సుద్దకున్న ధైర్యం నీ కత్తెరకు లేదయ్యా" అనేది పక్కన కూర్చుని గుండీలు కుట్టే భార్య అంజమ్మ.

హాస్టల్లో ముషర్రఫ్ అని నిజామాబాద్ అబ్బాయి ఉండేవాడు. జావా నేర్చుకున్నాడు. ఇంటర్వ్యూకు పొమ్మంటే "జర ఒరాకిల్ సుత అయిపోనియ్యన్నా" అన్నాడు. ఒరాకిల్ అయ్యాక టెస్టింగ్ అన్నాడు. మూడు కోర్సులు చేశాడు గాని ఒక్క ఇంటర్వ్యూ గడపా తొక్కలేదు. ఇంటర్వ్యూ కోసమని కుట్టమన్న నల్ల ప్యాంటు గుడ్డ ఆరు నెలలుగా భిక్షపతి అల్మరాలో ఉంది. అడిగేవాడు అడగడం లేదు గనక భిక్షపతీ నిశ్చింతగా ఉన్నాడు.

భిక్షపతికి కార్డుల ఆట అంటించింది ఈ ముషర్రఫే. పేకాట కాదు. రాక్షసులు, సిపాయిల బొమ్మలున్న కార్డులు కొనుక్కుని, మార్చుకుని, ఎవరి నలభై కార్డుల కట్ట వాళ్లే కూర్చుకోవాలి. కొన్ని కార్డులు ఎదుటివాణ్ణి కొట్టి, ఆటలో అతనికున్న ప్రాణాన్ని తగ్గిస్తాయి. కొన్ని మన కట్టలోంచి మరో రెండు కార్డులు చేతికి లాగుతాయి. అన్నీ కొట్టేవే పెట్టుకుంటే చెయ్యి తొందరగా ఖాళీ అవుతుంది. అన్నీ లాగేవే పెట్టుకుంటే చెయ్యి నిండుతుంది గాని ఒళ్లు హూనమవుతుంది. ప్రాణం అయిపోయినవాడూ, లాగడానికి కట్టలో కార్డు మిగలనివాడూ ఓడినట్టే.

భిక్షపతి కట్టలో ఇరవై ఆరు లాగేవే! పదకొండు కార్డులు చేతిలో విసనకర్రలా పట్టుకుని జమీందారులా కూర్చునేవాడు.

"కొట్టన్నా!" అనేవాడు ముషర్రఫ్.

"ఆగు తమ్మీ, ఇంకొక్క మంచిది రానీ."

మంచిది వచ్చేది. వచ్చాక దానికంటే మంచిది రావాలి కదా! పంజాగుట్టలో ఒక బొమ్మల షాపు మేడ మీద ప్రతి ఆదివారం జరిగే ఆటలకు ఐదు వారాలు వెళ్లి, ఐదు వారాలూ ఓడాడు. ఐదోసారి ఎవరూ కొట్టనే లేదు. ఉన్న కార్డులన్నీ తనే లాగేసుకుని, కట్ట ఖాళీ చేసుకుని మరీ ఓడాడు. ఎదురుగా కూర్చున్న శ్రీనగర్ కాలనీ ఆరో తరగతి పిల్ల జాలిపడి చాక్లెట్ ఇచ్చింది. తిన్నాడు కూడా.

ఇంతలో నిజామాబాద్ నుంచి ముషర్రఫ్ తండ్రి ఫోన్ చేశాడు. నెలాఖరుకు ఉద్యోగం రాకపోతే వచ్చి సైకిల్ షాపులో కూర్చోమన్నాడు. నెలాఖరులోపు ఉన్నది ఒకే ఒక్క ఇంటర్వ్యూ, సోమవారం పొద్దున పంజాగుట్టలో.

"గిది వద్దులే అన్నా. ఇంకొక్క కోర్సు జేసినంక చూస్త" అన్నాడు ముషర్రఫ్.

ఆ "ఇంకొక్క" వినగానే భిక్షపతికి ఒళ్లు మండింది. అది తన మాటే. ఎదుటివాడి నోట్లోంచి వస్తే ఎంత అసహ్యంగా ఉందో అప్పుడు తెలిసింది.

"ఆదివారం ఆటల నిన్ను ఓడిస్తే సోమవారం ఇంటర్వ్యూకు పోవాలె. పోతవా?"

ముషర్రఫ్ పడీపడీ నవ్వి సరేనన్నాడు. భిక్షపతి గెలవడమనేది జరిగే పని కాదని అతని ధీమా.

శనివారం భిక్షపతి కత్తిరింపు బల్ల మీద కార్డులు పరిచాడు. ఒకటి తీసి పక్కన పెడతాడు, మనసొప్పక మళ్లీ కలుపుతాడు. అంజమ్మ చూసి చూసి అడిగింది.

"గివి ఏం జేస్తయి?"

"ఇంకో రెండు తెస్తయి."

"అవేం జేస్తయి?"

"అవి సుత ఇంకో రెండు తెస్తయి."

"మరి కొట్టేదెవరయ్యా?"

భిక్షపతి లాగేవాటిలో పది ఉంచుకుని, పదహారింటిని హాస్టల్ పిల్లలకిచ్చి కొట్టేవి తెచ్చుకున్నాడు. సొంత పిల్లల్ని సాగనంపినంత బాధపడ్డాడు.

ఆదివారం ముషర్రఫ్ తాపీగా కార్డులు సర్దుకుంటుండగానే, రెండో వంతుకే భిక్షపతి కొట్టాడు. మూడో వంతుకూ కొట్టాడు. ముషర్రఫ్ తేరుకునేసరికి సగం ప్రాణం పోయింది. చివరికి భిక్షపతి చేతిలో ఒక్కటే కార్డు మిగిలింది. దాన్ని దాచుకోవాలని వేళ్లు ఎంత గింజుకున్నా, వేసేశాడు. గెలిచాడు.

షాపు దగ్గరికి వచ్చాక ముషర్రఫ్ అన్నాడు.

"మాటంటే మాటే. పోతనన్నా. ప్యాంటియ్యి."

భిక్షపతికి గెలుపు మత్తంతా దిగిపోయింది. అల్మరా తెరిచి గుడ్డ పరిచాడు. ఆరు నెలల సుద్దగీతలు తప్ప కత్తెర గాటు ఒక్కటి లేదు.

"ఇది ప్యాంటా అన్నా, హైదరాబాద్ మ్యాపా?"

భిక్షపతి టేపు కోసం వెతికాడు. అది అప్పటికే అంజమ్మ మెడలో ఉంది. "కొలిచింది చాలు, కత్తిరియ్యి" అంది. భిక్షపతికి ఆనాటి పెళ్లిపందిరి కళ్ల ముందు కదిలింది. నిజంగా భయపడ్డాడు. కత్తెర పెట్టి, ఆపకుండా చివరిదాకా కోశాడు. ముషర్రఫ్ కళ్లు మూసుకున్నాడు. మొగుడు కూడా మూసుకున్నాడేమోనని అంజమ్మ తొంగి చూసింది.

సోమవారం ముషర్రఫ్ ఆ ప్యాంటే వేసుకుని షాపు ముందు నిలబడ్డాడు.

"అన్నా, ఎడమకాలు జర పొట్టిగున్నట్టుంది?"

"కూసుంటే తెల్వదు తమ్మీ" అన్నాడు భిక్షపతి. "పోయి వాళ్ల ముంగట కూసో."