నెత్తుటి చేను

ఆనంద నామ సంవత్సరం వేసవిలో నన్ను కోయంబత్తూరు జిల్లాలో, పళనికి ఉత్తరాన ఉన్న ఒక తాలూకా కచ్చేరికి పోలీసు గుమాస్తాగా వేశారు. అవి కుంఫిణీ దొరతనపు చివరి రోజులు. పోలీసుకు వేరే శాఖ ఇంకా లేదు. శిస్తు వసూలు చేసేది తహసీల్దారే, దొంగల్ని పట్టేదీ ఆయనే. ఆయన కింద నేరాల కాగితాలన్నీ చూసేవాడు పోలీసు గుమాస్తా. శవ పంచాయతీ జరిపించడం, సాక్షుల మాట రాసుకోవడం, ముద్దాయిని బంట్రోతుల వెంట జిల్లా జడ్జి దగ్గరికి పంపడం నా పని. మాది తిరుమంగళం పక్క పల్లె. ఇంట్లో మాట తెలుగు, బడిలో నేర్చింది అరవం. ఆ తాలూకాలో సగం ఊళ్ళు మనవాళ్ళవే కనుక నన్ను అక్కడికి పంపారు.

అప్పట్లో హత్యలు ఎందుకు జరిగేవని ఇప్పటి కుర్రకారు నన్ను అడుగుతుంటారు. వాళ్ళకి కావలసింది దారిదోపిడీల కథ, ఫలానా కులం పుట్టుకతోనే దొంగల కులమనే కథ. దొరలకూ ఆ కథే ఇష్టం, రాయడానికి సులువు. నేను మాత్రం ఆ కథ చెప్పను. నా ఉద్యోగకాలంలో చూసిన హత్యల్లో చాలావరకు బావి గట్టున, పొలం గట్టున, ఒకే తాత మనవల మధ్య జరిగినవే. వాటిలో ఒకటి చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది. అది దాచి చెప్పమంటే అసలు నోరే విప్పను.

చేరిన రెండో నెలలో ఒక ఊరి మునసబు నుంచి కాగితం వచ్చింది. ఊరి పేరు రాయను, వాళ్ళ మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. గోవిందసామి అనే రైతు కాలు జారి బావిలో పడి చనిపోయాడనీ, దహనానికి అనుమతి ఇప్పించాలనీ అందులో ఉంది. ఆ రెండో మాట దగ్గర నాకు అనుమానం తగిలింది. బావిలో పడినవాడి దహనానికి ఏ మునసబూ అనుమతి అడిగేవాడు కాదు. మాకు కాగితం చేరేసరికి చితి చల్లారిపోయి ఉండేది. ఈసారి అడిగాడంటే ఎవరో అడ్డం పడ్డారన్నమాట. తహసీల్దారు గారు ఏటా శిస్తు తేల్చే జమాబందీ లెక్కల్లో మునిగి ఉన్నారు. నన్ను, ఇద్దరు బంట్రోతులను పంపారు.

అడ్డం పడింది చనిపోయినవాడి భార్య లచ్చుమమ్మ. బావి పక్కన తాటాకు పందిరి కింద శవాన్ని పెట్టుకుని కూర్చుంది. పాడె కట్టడానికి తెచ్చిన వెదుళ్ళు నరికి ముక్కలుగా పడి ఉన్నాయి. ఎవరు నరికారని అడిగితే నేనేనని చెప్పింది. మగవాళ్ళు వంద అడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. దగ్గరికి వచ్చే ధైర్యం ఒక్కడికీ లేదు.

శవ పంచాయతీ అంటే ఊళ్ళో నలుగురైదుగురు పెద్దమనుషుల ఎదుట శవాన్ని చూసి, గాయాలు ఒక్కొక్కటీ చెప్పి రాసి, కింద వాళ్ళ చేత చేవ్రాలు చేయించుకోవడం. తల వెనుక భాగం పగిలి ఉంది. అది బావి రాయి తగిలి పగిలిందని అనుకోవచ్చు. ఎడమ ముంజేతి మీద రెండు గాట్లున్నాయి, ఎముక దాకా. కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టుకున్నవాడికే అక్కడ తెగుతుంది. మొలలో దోపిన పొగాకు పొట్లం విప్పి చూశాను. పొడి పొడిగా ఉంది. నీళ్ళలో పడ్డ మనిషి పొగాకు తడవకుండా ఎలా ఉంటుందని పెద్దమనుషుల్ని అడిగాను. చేవ్రాలు చేయడానికి ఎవరి చెయ్యీ లేవలేదు.

అప్పుడు మునసబు నన్ను పక్కకు పిలిచాడు. డెబ్బై దాటిన ముసలాయన, చనిపోయినవాడికీ చంపినవాడికీ తాత వరస. అబద్ధం కొనసాగించలేదు, దానికి మాత్రం నేను ఆయన్ని గౌరవిస్తాను. కొట్టింది రంగసామి అనీ, గోవిందసామికి పెదనాన్న కొడుకనీ చెప్పేశాడు. తర్వాత నెత్తుటి చేను మాట ఎత్తాడు.

ఇది మన ఊళ్ళలో పాళెగాళ్ళ కాలం నుంచి ఉన్న కట్టు. ఒక ఇంటివాడు ఇంకొక ఇంటివాణ్ణి చంపితే, చంపినవాడి ఇంటివాళ్ళు చచ్చినవాడి ఇంటికి భూమి ఇస్తారు. దానికే నెత్తుటి చేను అని పేరు. ఇచ్చిన తర్వాత ఆ చావు మాట ఊళ్ళో ఎవరూ ఎత్తకూడదు. రంగసామి తోటలో సగం లచ్చుమమ్మకు రాసిస్తామని, మొగుడు కాలు జారి పడ్డాడని ఆమె చెబితే చాలని మునసబు బతిమాలాడు.

"తంబీ, వాణ్ణి ఉరి తీస్తే పోయినోడు లేచి వస్తాడా? ఇంకొక ఆడది తాళి తెంచుకుంటుంది, అంతేదా. నీవు మనోడివి. మన మాటలో ఆయమ్మకు చెప్పు" అన్నాడు.

నిజం చెబుతాను. ఆ మాట నాకు సబబుగానే తోచింది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది ఇంకా నడక నేర్వలేదు. జిల్లా కోర్టు ఉరి వేస్తే వేస్తుంది గాని, ఆ పిల్లలకు గుప్పెడు జొన్నలు పెట్టదు. కాగితం కట్ట పక్కన పెట్టి ఆమె ఎదుట కూర్చున్నాను. చేను తీసుకోమని, పిల్లల ముఖం చూడమని, మన ఇంటి మాటలో నచ్చచెప్పాను. చావు విచారించడానికి వెళ్ళిన సర్కారు గుమాస్తా చేయకూడని పని అది. చేశాను.

ఆమె అంతా విన్నది. ఏడవలేదు, గొంతు పెంచలేదు.

"అణ్ణా, చేను ఇస్తే వద్దనను. ఇద్దరు బిడ్డలుండారు, వాళ్ళకు కూడు కావాల. అయితే నా మొగుడు కాలు జారి పడినాడని నా నోట రాదు. నీళ్ళకు మడవ తిప్పతా నేను ఆ గట్టునేదా నిలబడుంటి. గొడ్డలి నా కంటితో చూస్తిని. చేనూ కావాల, చూసింది చెప్పాల. రెండూదా."

రెండూ కుదరవన్నాను. కట్టు అలాంటిది కాదన్నాను.

"ఆ కట్టు కట్టినోళ్ళలో మొగుణ్ణి కండ్ల ముందర పోగొట్టుకున్న ఆడది ఒకతన్నా ఉండాదా? మొగోళ్ళు కూర్చోని మాట్లాడుకున్నారు. నన్నెవురు అడిగినారు?"

నాకు తల కొట్టేసినట్టయింది. కాగితం మళ్ళీ దగ్గరికి తీసుకుని, తగవు ఏమిటో మొదటినుంచి చెప్పమన్నాను. ఆ బావి ఎడ్లతో తోలుతిత్తి లాగించి నీళ్ళు తోడే కపిల బావి. తాత తవ్వించింది. మూడు రోజులు పెద్ద ఇంటివాళ్ళ వంతు, మూడు రోజులు చిన్న ఇంటివాళ్ళ వంతు, ఏడో రోజు ఎడ్లకు సెలవు. ఆ లెక్క ఆమె కాపురానికి రాకముందు నుంచీ నడుస్తోంది. నాలుగేళ్ళ కిందట సర్కారు పట్టాలో బావి రంగసామి పేరున ఎక్కింది. వానలు బాగున్నన్నాళ్ళు ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఏడు నీళ్ళు అడుగంటాక, గోవిందసామికి వంతు లేదని రంగసామి అన్నాడు. గోవిందసామి తన వంతు రోజున ఎప్పటిలాగే అరువు ఎడ్లు కట్టాడు.

అక్కడినుంచి రంగసామి ఇంటికి వెళ్ళాను. పారిపోయి ఉంటాడనుకున్నాను. అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. కొట్టానని ఒప్పుకున్నాడు. భయంగానీ, సిగ్గుగానీ లేవు. లోపలికి వెళ్ళి వెదురు గొట్టంలోంచి పట్టా తీసుకువచ్చి నా చేతిలో పెట్టాడు. తన బావిలో ఒకడు దొంగతనంగా నీళ్ళు తోడితే సర్కారు తన పక్షాన ఉండదా అని అడిగాడు. సర్కారు కాగితం తన దగ్గర ఉంది కనుక గొడ్డలి ఎత్తే హక్కు కూడా ఉందని ఆ మనిషి నిజంగా నమ్మాడు.

పట్టా విప్పి చూశాను. రాత నాది.

నాలుగేళ్ళ కిందట అదే జిల్లాలో నేను శిస్తు విభాగంలో రాతగాణ్ణి. జమాబందీ రోజుల్లో దినానికి వందల పేర్లు ఎక్కించేవాళ్ళం. అచ్చు కాగితంలో బావికి ఎదురుగా ఒక్క పేరు రాసేంత చోటే ఉంటుంది. ఇద్దరివని ఎవరైనా చెబితే, ఒకే ఇంటివాళ్ళే కదా, పెద్దవాడి పేరు వేయమని మా పైవాళ్ళు చెప్పేవారు. మనవాళ్ళలో పెద్దవాడి పేరు ఉంటే అందరిదీ ఉన్నట్టే, నాకూ అందులో తప్పు కనబడలేదు. అలా ఎన్ని బావులు ఒక్కరి పాలు చేశానో నాకు తెలియదు.

తిరిగి పందిరి దగ్గరికి వెళ్ళి, ఆ పట్టా రాసింది నేనేనని లచ్చుమమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే అదీ రాయి" అంది.

రాశాను. ఆమె వాంగ్మూలం, రంగసామి మాట, బావి వంతు, పట్టా, రాసినవాడి పేరు, అన్నీ. అప్పుడు మునసబును పిలిచి చదివి వినిపించాను. ముసలాయన చేవ్రాలు చేశాడు. ఆయన చేస్తే మిగతావాళ్ళూ చేశారు. అప్పుడు లచ్చుమమ్మ శవాన్ని ఎత్తుకోనిచ్చింది.

కచ్చేరిలో తహసీల్దారు గారు కాగితం చదివి నిప్పులు చెరిగారు. నివేదికలో హత్యకు కారణం అని ఒక వరస ఉండేది. అందులో పాతకక్ష, ఆడదాని తగవు, తాగుడు, ఈ మూడింటిలో ఒకటి రాయడం అలవాటు. పాతకక్ష అని రాసి పట్టా మాట తీసేయమన్నారు. జడ్జి కలెక్టరును అడుగుతాడు, కలెక్టరు మనల్ని అడుగుతాడు, నీ మెడకు నువ్వే తాడు తగిలించుకుంటున్నావు అన్నారు. కక్ష పాతది కాదని, దాని వయసు నాలుగేళ్ళని, పుట్టింది మన బల్ల మీదేనని అన్నాను. ఆయన కలం తీసుకుని ఆ భాగమంతా తానే కొట్టేశారు.

ఆయనకు ఆ అధికారం ఉంది. అయితే ఉద్యోగంలో ఉన్నవాడికి తెలిసే ఒక సంగతి కూడా ఉంది. నివేదికను తహసీల్దారు దిద్దవచ్చు గాని, సాక్షి నోటిమాటను దిద్దలేడు. సాక్షుల జాబితా రాసి పంపవలసింది నేనే. చివర నా పేరు ఎక్కించి, బావిని ఒక్కరి పేరున రాసిన గుమాస్తా అని పక్కన చేర్చాను. ఆ సాయంత్రమే బంట్రోతులు ముద్దాయితో బయలుదేరారు. తహసీల్దారు గారికి తెలిసేసరికి కాగితం జిల్లా కోర్టులో ఉంది.

జడ్జి దొర లచ్చుమమ్మను దుబాసీ ద్వారా మూడు ప్రశ్నలు అడిగాడు. ఎక్కడ నిలబడ్డావు, ఏం చూశావు, ఇతనేనా. ఆమె మూడింటికీ తడుముకోకుండా చెప్పింది. నాలుగో ప్రశ్న అడుగుతాడేమోనని ఆమె ఇంకా నిలబడే ఉంది. బంట్రోతు దిగమని చెయ్యి ఊపాడు. తర్వాత నన్ను పిలిచారు. పట్టా సంగతి ప్రమాణం మీద చెప్పాను. రంగసామికి యావజ్జీవ ద్వీపాంతరవాసం వేశారు. కక్షకు సర్కారు కాగితం కారణమైనందున ఉరి తప్పించామని తీర్పులో ఒక మాట ఉంది. ఆ సంగతి లచ్చుమమ్మకు చెప్పవలసివచ్చింది. నా సాక్ష్యం చంపినవాడి ప్రాణం కాపాడిందన్నమాట. ఆమె తల ఊపింది, అంతే.

ఊరు నెత్తుటి చేను మాట వెనక్కి తీసుకుంది. నోరు విప్పింది కనుక చేను లేదన్నారు. ఏడాది పాటు ఆమెకు ఎవరూ ఎడ్లు అరువివ్వలేదు, ఆమె ఇంటికి నిప్పు కూడా ఇవ్వలేదు. రంగసామి పెళ్ళాం మొగుడుండీ లేనిదయింది. ఆమె పిల్లలను హంతకుడి పిల్లలని ఊరి పిల్లలు వెక్కిరించేవారు. చంపినవాడు ఒకడు, చచ్చినవాడు ఒకడు. రెండిళ్ళలోనూ శిక్ష అనుభవించింది ఆడవాళ్ళు, పిల్లలు. ఆ శిక్ష ఏ తీర్పులోనూ రాసి ఉండదు.

మరుసటి జమాబందీకి లచ్చుమమ్మ చిన్నపిల్లను చంకన వేసుకుని కచ్చేరికి వచ్చింది. బావి రెండు పేర్ల మీద ఎక్కించమంది. కాగితంలో చోటు లేదన్నారు. చోటు దొరికేదాకా ఉంటానని వాకిట్లో కూర్చుంది. మూడో రోజు, ఆ పట్టా దిద్దమని తీర్పు తర్వాత జడ్జి దొర రాసిన ఉత్తరం కలెక్టరు ద్వారా దిగింది, రెండో పేరు వరస పక్కన అడ్డంగా రాశారు. రాసినవాడి చేత రెండుసార్లు చదివించుకుని, అది తన పేరేనని రూఢి చేసుకుని లేచింది. మర్నాడే తన వంతు రోజు. ఎడ్లు లేక తనూ పెద్దపిల్లా కుండలతో తోడి పోశారని బంట్రోతు వచ్చి చెప్పాడు.

అదే వారం నన్ను నకలు గుమాస్తాగా దించి మదురై జిల్లాలోని కంబం వైపు పంపారు. పై మెట్టు ఎక్కడానికి మళ్ళీ తొమ్మిదేళ్ళు పట్టింది.

ఈ కేసు వల్ల నేను నేర్చుకున్నది ఇంతే. హత్యకు కారణం ఒక్క మాటలో ఇమిడిందంటే, ఎవరో ఎవరినో కాపాడుతున్నారని అర్థం. తీర్పుతో కేసు మూసేస్తే, చచ్చినవాడి ఇంట్లో వాళ్ళను బతికుండగానే మూసేసినట్టు. ఆ తర్వాత నా చేతి మీదుగా పోయిన ప్రతి హత్య నివేదిక చివర ఎవరూ అడగని రెండు వరసలు రాస్తూ వచ్చాను. తగవు ఏ రోజున, ఎవరి బల్ల మీద పుట్టింది అన్నది ఒకటి. పోయినవాడి మీద ఆధారపడినవాళ్ళు ఎందరు, ఇప్పుడు ఏం తింటున్నారు అన్నది రెండోది. నలుగురు తహసీల్దార్లు వాటిని కొట్టేశారు. కొట్టేసిన ప్రతిసారీ శుభ్రమైన కాగితం తీసుకుని మళ్ళీ రాశాను.