మాధవరాజు గారి బండిలో నీలం పొగ

మాధవరాజు గారికి వాళ్లమ్మ ఉగ్గుతో పాటు అనుమానం కూడా కలిపి పోసిందేమో. పాలవాడు పాలు పోసి వెళ్లగానే వేలు ముంచి చూసేవారు. చేపల మేత బస్తాను ఊపి చూసి "తేలిగ్గా ఉందేంటి?" అనేవారు. భార్య సూర్యకాంతమ్మ గారు పేరంటానికి వెళ్లొస్తే, అక్కడి కబుర్లు రెండుసార్లు చెప్పించుకుని, రెండూ కలుస్తున్నాయో లేదో చూసుకునేవారు. ఆవిడ అలవాటు పడిపోయింది. వాళ్ల ఊరు ఉండీ, చుట్టుపక్కల ఊళ్లూ అలవాటు పడిపోయాయి.

ఇంతటి మనిషీ నమ్మింది ఒక్కణ్ణే, డ్రైవర్ వీరాస్వామిని. చెరువుల్లో పట్టిన చేపలు, ఐసు, తవుడు అన్నీ మోసే డీజిల్ పికప్ అతని చేతిలోనే ఉండేది. వీరాస్వామికి ఆ బండే బతుకు. రాజుగారు దొంగ అని పంపేసిన డ్రైవర్ని ఆ చుట్టుపక్కల ఇంకెవరు పెట్టుకుంటారు?

రెండువేల నాలుగు వేసవిలో టీకొట్టు దగ్గర ఎవడో అన్నాడు, డ్రైవర్లు ఇంజనాయిల్ తీసి అమ్ముకుంటున్నారని. అంతే, రాజుగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారగానే చెరువుగట్టు మీదున్న బండి దగ్గరికి వెళ్లి, బానెట్ ఎత్తి, ఆయిల్ ఎంతుందో చూపే గేజు పుల్ల లాగి చూశారు. ఆయిల్ గీతకి బాగా కిందుంది! వీరాస్వామా? నా వీరాస్వామేనా? ఎవరికీ చెప్పకుండా డబ్బాతో ఆయిల్ తెచ్చి పోశారు. మర్నాడు చూస్తే మళ్లీ తక్కువ. మళ్లీ పోశారు. ఇక అదే వరస.

పదిరోజులు తిరక్కుండానే బండి వెనక నీలం పొగ మొదలైంది. భీమవరం మెకానిక్ శాంతికుమార్ దగ్గరికి స్వయంగా తోలుకెళ్లారు.

"నల్లపొగైతే గాలి చాలట్లేదని అండి. తెల్లపొగైతే నీళ్లో, కాలని డీజిలో. ఇది నీలం పొగ, ఆయిల్ మండిపోతోంది. ఆయిల్ తగ్గుతోందా అండి?"

"రోజూ తగ్గుతోంది."

"అయితే పిస్టన్ రింగులు అరిగిపోయుంటాయండి. బానెట్ ఎత్తి చూస్తాను..."

"ముట్టుకోకు! పొగ చూసి చెప్పు చాలు." మంచి సామాను తీసి పాతది బిగించేస్తాడని ఆయన భయం. రోజూ ఆయిల్ పోస్తున్న సంగతి మాత్రం పొక్కనిచ్చారా? ఇక్కడ చెబితే అక్కడ వీరాస్వామికి తెలిసిపోదూ! తాడేపల్లిగూడెంలో ఇంకో మెకానిక్ కూడా రింగులే అన్నాడు. అంటే వీళ్లందరూ కలిసిపోయారన్నమాట, అనుకున్నారు రాజుగారు.

ఆ వారంలోనే ఒక పొద్దున మేత షెడ్డు చాటున నక్కి కూర్చుంటే దొంగ దొరికాడు. వీరాస్వామి బండి కింద దూరి, డబ్బా పెట్టి ఆయిల్ వదులుతున్నాడు.

"బయటికి రారా!"

వీరాస్వామి మసిచేతులతో లేచాడు. "ఆయిల్ ఎక్కువైందండి, తీసేస్తున్నానండి."

"ఎక్కువైందా? పొంగడానికి అదేమైనా పాలేంట్రా? తాళం అక్కడ పెట్టు. మళ్లీ నా గట్టు ఎక్కితే కాళ్లు విరగ్గొడతాను."

వీరాస్వామి డ్రెయిన్ బోల్టు బిగించి, తాళం బానెట్ మీద పెట్టి వెళ్లిపోయాడు. అప్పటికి డబ్బా అడుగైనా సరిగ్గా తడవలేదు.

మర్నాడు పుల్ల చూస్తే ఆయిల్ మళ్లీ తక్కువే. దొంగ పోయాడు కదా, మరి ఆయిల్ ఎవడు తాగాడు? కాపలావాడా? బావమరిదా? తిట్టుకుంటూ ఇంకాస్త పోసి తనే బండి తీశారు. రోడ్డంతా పొగ కమ్మేసింది. పెట్రోలు బంకులో క్యూ పెద్దగా ఉంటే ఇంజను ఆపి, ఊరికే ఉండలేక మళ్లీ పుల్ల లాగారు. ఆయిల్ పై గీత దాటి బెత్తెడు పైకి అంటుకుని ఉంది.

బంకులో నేల చదును. గట్టు మీదైతే, బ్యాటరీ మొరాయిస్తే దొర్లించి స్టార్ట్ చేయొచ్చని బండిని ఎప్పుడూ ముక్కు కిందికి పెట్టి వాలులో ఆపుతారు. ఆయిలంతా ముందుకి జారిపోతే ఇంజను వెనక వైపున్న పుల్లకి ఏం అంటుతుంది! అంటే ఇంజన్లో ఎక్కువైన ఆయిలే మండి నీలం పొగైందన్నమాట. ఇంజన్ని పాడు చేసింది తన చెయ్యే.

బండిని అక్కడే వదిలేసి వీరాస్వామి ఇంటికి నడిచారు. అతని భార్య అచ్చాయమ్మ కుర్చీ వేసింది గాని, మంచినీళ్లు కావాలా అని అడగలేదు.

"రోజూ ఆయిల్ పోసింది నేనేరా," అన్నారు రాజుగారు.

"ఆయ్, తెలుసండి. మీ స్కూటర్ డిక్కీలో డబ్బా చూశానండి."

"తెలిస్తే అడగొద్దూ!"

"నన్ను సాగనంపడానికి కావాలనే ఇంజను పాడు చేసి నామీదికి తోస్తున్నారనుకున్నానండి. అడిగితే ఆ రోజే పొమ్మంటారు. అందుకే వీలు దొరికినప్పుడల్లా ఎక్కువైంది తీస్తూ వచ్చానండి."

రాజుగారికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. "ఛ! నేను అలాంటివాణ్ణా? నామీద అంత అనుమానమేంట్రా నీకు?"

గుమ్మంలో అచ్చాయమ్మ ఆయన మొహంలోకే తేరిపార చూస్తూ నిలబడింది. రాజుగారు తల దించుకున్నారు.

"రేపట్నుంచి రా వీరాస్వామీ."

"వస్తానండి. అయితే ఒక మాటండి. పొద్దున్నే నేను వచ్చేదాకా మీరు బానెట్ ముట్టుకోకూడదండి. పుల్ల ఇద్దరం కలిసే చూద్దామండి."

కోపంతో నోటిదాకా వచ్చిన మాటని రాజుగారు మింగేశారు. "సరేలే," అన్నారు.