రెండు ఊళ్ల జంట పుట్టి

ఈ రోజు మా చెరువులో రెండు పుట్టీలు కలిసి ఒక పడవ అయ్యాయి. బుట్టలా గుండ్రంగా ఉండే పుట్టి నీళ్లలో గిరగిరా తిరుగుతుంది. గాలం వేద్దామని ఆదివారాలు పటాన్‌చెరు నుంచి వచ్చేవాళ్లు దానికి భయపడి గట్టు దిగడం లేదు. అందుకని మా ఊరి పుట్టినీ, అవతలి గట్టు ఊరి పుట్టినీ పక్కపక్కన పెట్టి ఇనుప చట్రంతో బిగించాను. ఫ్యాక్టరీలో వెల్డర్‌ని మరి!

తెడ్లు పట్టింది మా చిన్నాయన మల్లయ్య, ఆ ఊరి ఎల్లయ్య. ఎప్పుడో వల తెగిన గొడవతో ఇద్దరికీ మాటలు పోయాయి. మా సూపర్‌వైజర్ గారినీ, ఆయన భార్యనూ ఎక్కించుకుని బయల్దేరారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎవరికి తోచినట్టు వాళ్లు తెడ్డేశారు. చెరువు నడిమధ్య నా జంట పుట్టి కూడా గిర్రున తిరిగింది. మేడమ్ కేక పెట్టింది. గట్టు మీద నేను తల పట్టుకున్నాను.

చివరికి మా చిన్నాయనే అరిచాడు. "ఏ ఎల్లన్నా, జెర నన్ను సూసి ఎయ్యరాదే!"

"నువ్వు పిలిస్తె గద సూసేది! ఇగ ఎయ్యి!" అన్నాడు ఎల్లయ్య.

పుట్టి సూటిగా సాగింది. కాసేపటికి మేడమ్ గాలానికి పెద్ద బొచ్చె చేప పడింది. రెండు గట్ల మీదా ఈలలే ఈలలు!

ఇలాంటి పుట్టి ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. రెండు ఊళ్లవాళ్లూ ఇంకో జత కట్టమంటున్నారు. ఇనుము తెచ్చి పెట్టాను. మీ ఊళ్లో మాట్లాడుకోని వాళ్లు ఇద్దరుంటే చెప్పండి, తెడ్లు చేతికిచ్చి కూర్చోబెడతాను.